లడఖ్‌కా, స్పితికా: ఎత్తు, దారి, సెలవుల లెక్క

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న ఎత్తుతారు. ఈసారి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు రెండూ చూశావు కదా, లడఖ్‌కి వెళ్ళమంటావా స్పితికి వెళ్ళమంటావా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాలేదు, అరగంట మాట్లాడినా వాడికి ఇంకా అనుమానాలు మిగిలిపోయాయి, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా.

ఫొటోల్లో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. చెట్టు చేమ లేని కొండలు, నమ్మలేనంత ముదురు నీలం ఆకాశం, కొండ కొమ్మున తెల్లటి గోంపా, చందమామ మీద దిగామా అనిపించే నేల. యూట్యూబ్‌లో ఒకళ్ళేమో లడఖ్ అంతా జనంతో నిండిపోయింది స్పితికే పొండి అంటారు, ఇంకొకళ్ళు స్పితిలో ఏముంది, లడఖ్‌లో ఉన్నదాంట్లో పావు వంతు కూడా లేదు అంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఏది అందంగా ఉంటుంది అని ఎంత వాదించుకున్నా టికెట్ బుక్ చేసే టైముకి తేలదు. నాకు అర్థమైనంతలో అసలు తేడా ఒక్కటే, ఆ ఎత్తుకి మనం ఎలా చేరతాం, ఎన్ని రోజుల్లో చేరతాం అన్నది. ఖర్చు, ఆరోగ్యం, పెద్దవాళ్ళు పిల్లలు, వానలు, ఇవన్నీ దాని వెనకాలే వచ్చేవి.

ముందు ఏది ఎక్కడుందో, ఏ మాటకి ఏం అర్థమో

లడఖ్ 2019 అక్టోబర్ 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. దాని ముఖ్య పట్టణం లేహ్, సుమారు 3,500 మీటర్ల ఎత్తులో సింధు నది పక్కన ఉంటుంది. స్పితి అనేది హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్ స్పితి జిల్లాలో ఒక లోయ, అక్కడ పెద్ద ఊరు కాజా, దాదాపు 3,700 మీటర్లు. అంటే లేహ్ కంటే కాజానే కాస్త ఎత్తు, ఈ సంగతి చాలామందికి తెలియదు, లడఖ్ అంటేనే పెద్ద ఎత్తు, స్పితి ఏదో మనాలి పక్కన ఉండే ఊరు అనుకుంటారు.

రెండు చోట్లా వినపడే మాటలు మూడు. లా అంటే కొండని దాటే దారి, పాస్ అన్నమాట. సో అంటే సరస్సు, పాంగాంగ్ సో, సో మొరిరి అలా. గోంపా అంటే బౌద్ధ మఠం. కోల్డ్ డెసర్ట్ అని కూడా అంటారు, చలి ఎడారి. ఇసుక ఉంటేనే ఎడారి అనుకుంటాం కానీ వాన పడకపోతే చాలు అది ఎడారే, లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు, అంత వాన మనకి జూలైలో ఒక గట్టి ముసురు పడితే రెండు రోజుల్లో పడిపోతుంది.

ఆ నేల అలా ఎందుకు ఉంది, రెండిట్లో చూడ్డానికి తేడా ఎక్కడ

మన నైరుతి మబ్బులు ఉత్తరానికి పోయి పోయి హిమాలయాలకి గుద్దుకుని ఇవతలి వైపే కురిసేస్తాయి, అవతలి వైపుకి దాటేది పొడిగాలి. వాన లేదు కాబట్టి చెట్టు లేదు, చెట్టు లేదు కాబట్టి రాయి తన అసలు రంగుతో బయటికి కనపడుతుంది. గాలి పల్చగా ఉంటుంది, అందులో తేమ, దుమ్ము తక్కువ, అందుకే ఆకాశం అంత నీలం.

ఇంతవరకు రెండూ ఒకటే. రాయి దగ్గరికి వచ్చేసరికి మారిపోతుంది. లడఖ్‌లో సింధు లోయ పొడవునా ఉన్నది ఇండియా భూఫలకం, ఆసియా భూఫలకం కలిసిన అతుకు. అందుకే ఒకే రోజు కారులో పోతుంటే ఒక పక్క బూడిద రంగు గ్రానైట్, ఇంకో పక్క ఊదా, ఆకుపచ్చ, ఎరుపు పొరలు వరసగా వస్తూనే ఉంటాయి. లామాయురు దగ్గర మూన్‌ల్యాండ్ అని చూపించేది ఒకప్పటి సరస్సు అడుగు మట్టి, నీళ్ళు పోయాక గాలి, వాన కోసేసి అలా మిగిలింది. దగ్గరికెళ్ళి చూస్తే మే నెలలో ఎండిపోయిన చెరువులో నెర్రెలిచ్చిన మట్టి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, కాకపోతే కొండంత ఎత్తున. దీనికి తోడు నుబ్రా లోయలో హుండర్ దగ్గర ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు, 134 కిలోమీటర్ల పొడవున్న పాంగాంగ్ సరస్సు (అందులో ఎక్కువ భాగం చైనా చేతిలో ఉంది), హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున టెలిస్కోప్, రాత్రి అక్కడ నక్షత్రాలు. రకరకాలు చూడాలనే వాళ్ళకి లడఖ్‌తో పోటీ లేదు.

స్పితిలో అన్ని రకాలు ఉండవు. ఉన్నదంతా ఒక నది, దాని రెండు పక్కలా పొరలు పొరలుగా పేర్చినట్టున్న కొండలు, వాటి మీద ఊళ్ళు. ఆ పొరలు ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం అడుగు. లాంగ్జా అనే ఊళ్ళో ఒక పిల్లాడు జేబులోంచి నల్లటి గుండ్రాయి తీసి నా చేతిలో పెట్టాడు, రెండు ముక్కలుగా పగిలి ఉంది, విప్పి చూస్తే లోపల చక్రం చుట్టలు చుట్టలుగా. చూడగానే మా తాతయ్య పూజ పెట్టెలో సాలగ్రామం గుర్తొచ్చింది. పోలిక ఊరికే కుదరలేదు, నేపాల్ గండకి నదిలో దొరికే సాలగ్రామాలు కూడా ఇదే జాతి సముద్ర జీవుల శిలాజాలే, అమ్మోనైట్లు అంటారు. 4,400 మీటర్ల ఎత్తులో, చుట్టూ మంచు కొండలున్న చోట, చేతిలో సముద్రపు గవ్వ లాంటిది పట్టుకుని నిలబడటం, దీన్ని ఫొటోలో పెట్టలేం. (వాటిని కొని తెచ్చుకోకూడదు, ఊళ్ళో వాళ్ళే వద్దంటారు, నేను చూసి తిరిగి ఇచ్చేశా.)

"అక్కడ ఆక్సిజన్ ఉండదంట" అంటే ఏంటి

ఈ ముక్క అందరూ అంటారు కానీ సగమే నిజం. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, హైదరాబాద్‌లో అయినా లేహ్‌లో అయినా. తగ్గేది గాలి పీడనం. పైకి పోయే కొద్దీ గాలి పల్చబడుతుంది, కాబట్టి ఒక్కో ఊపిరికి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే మొత్తం గాలే తక్కువ. సముద్ర మట్టం దగ్గర 100 అనుకుంటే హైదరాబాద్‌లో దాదాపు 94, లేహ్‌లో 65, పాంగాంగ్ దగ్గర 59, ఖర్దుంగ్ లా మీద (దాని ఎత్తు సుమారు 5,359 మీటర్లు, బోర్డు మీద చాలా కాలం ఇంకా ఎక్కువ రాసి ఉండేది) సుమారు 51.

దీన్ని కళ్ళతో చూడాలంటే ఇంటి నుంచి తీసుకెళ్ళిన కందిపొడి ప్యాకెట్ చూడండి, సీల్ చేసినది అక్కడికెళ్ళేసరికి బంతిలా ఉబ్బిపోతుంది, లోపల ఉన్నది మన ఊరి గాలి మరి. ఇంకోటి, లేహ్‌లో నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు పెడితే పూట గడిచినా పలుకుగానే ఉంటుంది.

శరీరం దీనికి అలవాటు పడగలదు, కానీ టైము కావాలి. ఆ టైము ఇవ్వకపోతే వచ్చేదే ఏఎంఎస్, అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, లేదా మెదడు వాస్తుంది, రెండూ ప్రాణం మీదకొచ్చేవే, అప్పుడు అసలైన మందు కిందకి దిగడమే. వయసులో ఉన్నాం జిమ్‌కి వెళ్తాం అంటే రాదు అనుకోవద్దు, ఫిట్‌నెస్‌కీ దీనికీ పెద్ద సంబంధం లేదు. డాక్టర్లు మామూలుగా చెప్పే లెక్క ఏంటంటే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. పగలు ఎంత ఎత్తుకి పోయొచ్చారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

లేహ్‌లో దిగడం వేరు, కాజాకి ఎక్కడం వేరు

లడఖ్‌కి ఎక్కువమంది ఢిల్లీ నుంచి విమానంలో వెళ్తారు, గంటంపావు ప్రయాణం. అంటే విజయవాడలో సముద్రానికి ఇరవై మీటర్ల ఎత్తులో నిద్రపోయిన మనిషి మర్నాడు 3,500 మీటర్ల దగ్గర నిద్రపోతాడు, 500 లెక్కకి ఏడు రెట్లు ఒక్క రాత్రిలో. దీన్ని సరిచేసుకోవడానికే లేహ్‌లో మొదటి రెండు రోజులు కదలకుండా ఉండమంటారు. నేను మొదటిసారి ఈ మాట వినలేదు. దిగిన సాయంత్రం బాగానే ఉంది కదా అని శాంతి స్తూపం మెట్లెక్కాను, ఐదొందల పైచిలుకు మెట్లు, పైనుంచి లేహ్ అంతా కనపడుతుంటే ఎంత సంతోషమేసిందో, ఆ రాత్రి కణతలు పగిలిపోయే నొప్పి, నాలుగు సార్లు వాంతి, మంచినీళ్ళు కూడా నిలవలేదు. రెండు రోజులు గదిలోనే పోయాయి. ఒళ్ళు బాగుందనిపించడం అలవాటు పడటం కాదని, ఎత్తు ప్రభావం ఆరేడు గంటలు ఆలస్యంగా మొదలవుతుందని అప్పుడు తెలిసింది.

లేహ్ నుంచి తిరగడం చక్రం ఆకుల్లాగా ఉంటుంది. మధ్యలో లేహ్, ఏ దిక్కుకి పోయినా పెద్ద పాస్ ఒకటి దాటాలి. నుబ్రాకి ఖర్దుంగ్ లా, పాంగాంగ్‌కి చాంగ్ లా. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది, నుబ్రాలో హుండర్ సుమారు 3,100 మీటర్లే, లేహ్ కంటే తక్కువ. పాస్ ఎంత ఎత్తైనా పది పదిహేను నిమిషాలు ఆగి దిగిపోతే రాత్రి మాత్రం కిందే పడుకుంటారు. పాంగాంగ్ అలా కాదు, 4,225 మీటర్లు, పైగా అక్కడే రాత్రి. కాబట్టి నుబ్రా ముందు, పాంగాంగ్ తర్వాత అనే వరస ఎవరో ఊరికే పెట్టింది కాదు. నుబ్రా నుంచి శ్యోక్ నది పక్కన రోడ్డు పట్టుకుంటే మళ్ళీ పాస్ ఎక్కకుండానే పాంగాంగ్ చేరొచ్చు.

స్పితి ఒక తాడు లాంటిది, ఈ కొస నుంచి ఎక్కి ఆ కొస నుంచి దిగడం. షిమ్లా వైపు నుంచి వెళ్తే రాత్రులు ఇలా వస్తాయి: షిమ్లా 2,200, కల్ప 2,960, టాబో 3,280, కాజా 3,700. డాక్టర్ల లెక్క తెలియకపోయినా దారే దాన్ని పాటించేస్తుంది. మనాలి వైపు నుంచి వెళ్తే మాత్రం పూర్తిగా వేరే కథ. మనాలి 2,050, అక్కడి నుంచి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి చంద్రతాల్ సరస్సు దగ్గర క్యాంపులో దిగితే 4,200 మీటర్లు, ఒక్క రోజులో రెండు వేల పైన. లడఖ్‌లో విమానం దిగిన వాళ్ళ కంటే 700 మీటర్లు ఎక్కువ ఎత్తున, గుడారంలో, ఫోన్ సిగ్నల్ లేని చోట రాత్రి గడపాలి. "స్పితి అయితే మెల్లగా ఎక్కుతాం, సేఫ్" అనే మాట షిమ్లా దారికే వర్తిస్తుంది, ఇది చెప్పకుండా స్పితిని మెచ్చుకునే వాళ్ళ మాట నేను సగమే నమ్ముతా.

8 రోజులుంటే ఒక లెక్క, 10 రోజులుంటే ఇంకో లెక్క

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఇద్దరికి శని ఆదివారాలతో కలిపి 8 రోజులు దొరికాయనుకుందాం. లడఖ్ అయితే మొదటి రోజు ఢిల్లీ మీదుగా లేహ్, ఆ రోజూ మర్నాడూ విశ్రాంతి. మూడో రోజు సింధు, జంస్కార్ నదులు కలిసే చోటు, ఆల్చి, ఓపికుంటే లామాయురు. నాలుగు, ఐదు నుబ్రా, తుర్తుక్ (1971 యుద్ధంలో మన దేశంలోకి వచ్చిన ఊరు). ఆరు పాంగాంగ్, ఏడు మళ్ళీ లేహ్, ఎనిమిది ఇంటికి. సరిపోయింది, రెండు రోజులు విశ్రాంతికి పోయినా.

అదే 8 రోజుల్లో స్పితి పెడితే, చండీగఢ్‌లో దిగి షిమ్లాకి ఒక రోజు, కల్పకి రెండో రోజు, టాబోకి మూడు, ఢంకర్ చూసుకుని కాజాకి నాలుగు. షిమ్లా నుంచి కాజా 400 కిలోమీటర్ల పైనే, అదీ కిన్నౌర్ కొండ చరియల్లో తొలిచిన రోడ్డు. మిగిలినవి నాలుగు, అందులో దిగడానికే రెండు మూడు కావాలి, అంటే స్పితిలో ఉండేది ఒకటో రెండో రోజులు. అదే 10 రోజులైతే లాంగ్జా, హిక్కిం (1983 నుంచి నడుస్తున్న పోస్టాఫీసు, ప్రపంచంలోనే బాగా ఎత్తున ఉన్నవాటిలో ఒకటి, అక్కడి నుంచి మా అమ్మకి కార్డు వేశా), కోమిక్‌కి ఒక రోజు, కీ గోంపా, కిబ్బర్, చిచం వంతెనకి ఒక రోజు, అప్పుడు కుంజుం పాస్ దాటి చంద్రతాల్, మనాలి, హాయిగా కుదురుతుంది. అప్పటికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది కాబట్టి చంద్రతాల్ రాత్రి కూడా అంత భయపెట్టదు.

లడఖ్‌లో విశ్రాంతి రోజులు ఒకేచోట గడుస్తాయి, స్పితిలో ఆ రోజులే రోడ్డు మీద గడుస్తాయి, మొత్తం మీద శరీరం అడిగే టైము రెండు చోట్లా ఇవ్వాల్సిందే. రోడ్డు ప్రయాణం ఇష్టమైన వాళ్ళకి అది ట్రిప్‌లో భాగం, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి శిక్ష.

పెద్దవాళ్ళతో వెళ్తే ఏది నయం: ఇద్దరి వాదనా సరైనదే

స్పితి వైపు మాట్లాడేవాళ్ళు చెప్పేది, మెల్లగా ఎక్కిస్తుంది, ఎక్కడ ఇబ్బంది అనిపించినా వచ్చిన దారినే వెనక్కి దిగొచ్చు, కాజా నుంచి టాబో 47 కిలోమీటర్లే, అప్పుడే 400 మీటర్లు దిగిపోతాం, ఇంకా పోతే రెకాంగ్ పియో 2,290 మీటర్లు. లేహ్‌లో అలా దిగడానికి దగ్గర్లో చోటు లేదు, చుట్టూ పాస్‌లే, కిందకి దిగడమంటే దాదాపు విమానం ఎక్కడమే.

లడఖ్ వైపు వాళ్ళు చెప్పేది ఇంకోటి. లేహ్‌లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఎత్తు జబ్బుని రోజూ చూసే డాక్టర్లున్నారు, ఆక్సిజన్ దొరుకుతుంది, మర్నాడు పొద్దున్నే విమానం ఉంది. కాజాలో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్ద వైద్యం కావాలంటే రోజంతా ఆ రోడ్డు మీద కుదుపుల్లో దిగాలి, మధ్యలో కొండ చరియ విరిగి పడితే అక్కడే ఆగాలి.

ఈ రెండిట్లో ఒకటి తప్పని చెప్పలేను. జబ్బు వచ్చే అవకాశం షిమ్లా దారిలో తక్కువ, వస్తే సాయం అందే అవకాశం లేహ్‌లో ఎక్కువ. బీపీ, షుగర్ మందులతో అదుపులో ఉండి తిరగగలిగే పెద్దవాళ్ళకి నేనైతే షిమ్లా దారి స్పితి వైపే మొగ్గుతా. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళ విషయం వాళ్ళ డాక్టరే తేల్చాలి, ఎసిటజోలమైడ్ మాత్ర (డయామాక్స్ అని అమ్ముతారు) కూడా అడిగాకే వాడాలి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఈ సంగతి ముందే చెప్పాలి.

వానలు, మంచు, మూసుకుపోయే దారులు

రెండూ వాన నీడలో ఉన్నాయి కాబట్టి జూలై, ఆగస్టుల్లో కూడా వెళ్ళొచ్చు అని చాలా చోట్ల రాస్తారు. అక్కడ వాన తక్కువ నిజమే, కానీ అక్కడికి పోయే దారి వానలోనే ఉంటుంది. కిన్నౌర్‌లో, మనాలి చుట్టుపక్కల కొండచరియలు పడేది ఆ రెండు నెలల్లోనే. 2023 జూలైలో హిమాచల్ వరదలప్పుడు చంద్రతాల్ దగ్గర 250 మందికి పైగా చిక్కుకుపోయి రోజుల తరబడి ఉండాల్సొచ్చింది, జూలైలో అక్కడ మంచు కూడా పడింది. లడఖ్‌కీ పూర్తి మినహాయింపు లేదు, 2010 ఆగస్టులో లేహ్‌లో కుంభవృష్టి, బురద వరదలకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. అసలు వాన చూడని మట్టి ఇళ్ళు అవి, తట్టుకోలేవు. 2024 జూలై చివర్లో ఇంకో విచిత్రం, ఎండ ఎక్కువై లేహ్ నుంచి విమానాలు రద్దయ్యాయి. ముందే పల్చటి గాలి, వేడికి ఇంకా పల్చబడితే రెక్కలకి పట్టు దొరకదు.

కుంజుం పాస్ మామూలుగా జూన్ వేళకి తెరుచుకుని అక్టోబర్ చివరికి మూసుకుంటుంది, కాబట్టి స్పితిని ఈ కొస నుంచి ఆ కొసకి చూడాలంటే ఆ నాలుగైదు నెలలే. షిమ్లా దారి చలికాలంలో కూడా ఎక్కువ రోజులు నడుస్తుంది, మంచు చిరుతని చూడటానికి కిబ్బర్‌కి ఫిబ్రవరి, మార్చిలో వెళ్ళేది ఈ దారినే. లేహ్‌కి విమానాలు ఏడాది పొడవునా ఉంటాయి. రెండు చోట్లా సెప్టెంబర్ నాకు అన్నిటికన్నా నచ్చిన నెల, బార్లీ కోతలు, పసుపు రంగు తిరిగే పాప్లర్ చెట్లు, కొట్టుకుపోని రోడ్లు.

జనం, డబ్బు, ఫోను

2022లో లడఖ్‌కి 5 లక్షల మందికి పైగా వచ్చారు, అక్కడి జనాభా 2011 లెక్కల్లో 2.74 లక్షలు. లేహ్‌లో బోర్ల మీద, మురుగు మీద ఆ బరువు కనపడుతుంది. కానీ ఆ జనమంతా ఖర్దుంగ్ లా, పాంగాంగ్, నుబ్రా చుట్టూనే, ఆల్చి వెనకాల ఊళ్ళలో రెండు రోజులుంటే మీరూ ఆ ఇంటివాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. స్పితి చిన్నది, హోమ్‌స్టేలు ఎక్కువ, చలికాలంలో నీళ్ళు వాడని పొడి మరుగుదొడ్డే గతి.

ఖర్చు దగ్గర, లడఖ్‌లో విమానం టికెట్ ముందు కొంటే చవక, చివర్లో కొంటే మోత, లోపల తిరగడానికి టాక్సీ యూనియన్ రేట్లు ఖాయం. స్పితిలో రెకాంగ్ పియో నుంచి కాజాకి ప్రభుత్వ బస్సు ఉంది, ఓపిక ఉన్నవాడు చాలా తక్కువలో తిరిగి రాగలడు. స్పితికి మనవాళ్ళకి పర్మిట్ అక్కర్లేదు. లడఖ్‌లో 2021 ఆగస్టులో ఇన్నర్ లైన్ పర్మిట్ తీసేశారు కానీ ఫీజు కట్టించుకుంటారు, సరిహద్దు పరిస్థితిని బట్టి కొన్ని చోట్లకి పోనివ్వరు కూడా. ఇంకో ముఖ్యమైనది, మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

గోంపాలు మాత్రం రెండు చోట్లా ఆగి చూడాల్సినవే. టాబో 996లో కట్టింది, బయటినుంచి చూస్తే మట్టి గోడలు, లోపల చీకట్లో కళ్ళు సర్దుకునే కొద్దీ గోడల నిండా బొమ్మలు తేలతాయి. అక్కడ ఒక ముసలి లామా ఏ ఊరని అడిగితే అమరావతి పక్కన అన్నా, ఆయన రెండు చేతులూ జోడించాడు. టిబెటన్ బౌద్ధులకి ముఖ్యమైన కాలచక్ర బోధని బుద్ధుడు మన ధాన్యకటకంలోనే (అమరావతి పాత పేరు) చేశాడని వాళ్ళ నమ్మకం, దలైలామా 1996లో టాబోలో, 2000లో కీ గోంపాలో, 2006లో అమరావతిలో, 2014లో లేహ్‌లో కాలచక్ర దీక్ష ఇచ్చారు.

మా తమ్ముడి లెక్క చివరికి ఇలా తేలింది. వాళ్ళు నలుగురు, వాడు, మరదలు, తొమ్మిదేళ్ళ పాప, 63 ఏళ్ళ పిన్ని. సెలవు 10 రోజులు, సెప్టెంబర్. పిన్నికి బీపీ ఉంది, డాక్టర్ సరే అన్నాడు. షిమ్లా, కల్ప, టాబో, కాజా, వెనక్కి మళ్ళీ అదే దారి, చంద్రతాల్ వద్దనుకున్నారు. చండీగఢ్‌కి టికెట్లు నిన్ననే తీశాడు, పాప అప్పుడే హిక్కిం నుంచి ఎవరెవరికి కార్డులు రాయాలో పేర్లు రాసుకుంటోంది.